చెరువులో జొన్న, మాగాణిలో కొర్ర

మా అత్త నాకు కొర్రన్నం పెట్టేది కాదు. కాపురానికి వచ్చిన మొదటి ఏడాది నేను ఆమె మీద పెంచుకున్న కోపాల్లో ఇదే పెద్దది. ఇంట్లో అందరికీ జొన్న సంగటి. పండగ పూట ఆమె చిన్న మట్టి చట్టిలో కొర్రలు వండి, మా ఆడబిడ్డ వచ్చి ఉంటే ఆ పిల్లకు ఇంత పెట్టి, మిగిలింది తాను తినేది. నా వైపు చూసేది కూడా కాదు. నేను కడప పక్కన, కాలవ కింద ఊర్లో పుట్టి వరన్నం తిని పెరిగినదాన్ని. కొర్రల కోసం మొహం వాచి లేను. అయినా ఎదురుగా కూర్చోబెట్టుకుని పెట్టకపోతే ఎవరికి మండదు?

అత్తను అడిగే ధైర్యం లేక మా ఆయనను అడిగాను. ఆయన కర్నూల్లో గుమాస్తా. కొత్తగా రాజధాని అయిన ఊరు, ఆఫీసులు కూడా గుడారాల్లో నడుస్తున్న రోజులు. నన్ను తీసుకుపోయి ఏ గుడారంలో పెట్టాలో తెలియక, పడమటి పల్లెలో అత్తమామల దగ్గర వదిలి, ఆదివారాలకు వచ్చి పోతుండేవాడు. "ఆ కొర్రలు నాయన భూమిలోవి కావు. అమ్మ పసుపు కుంకుమలవి" అన్నాడు.

అప్పుడు తెలిసింది. మా అత్తకు పెళ్లిలో వాళ్ల నాయన చెరువు కింద చిన్న మడి పసుపు కుంకుమల కింద రాసిచ్చాడు. పట్టా ఆమె పేరు మీదే ఉంది. పుట్టింటి నేలలో పండిన గింజ కూతుళ్లు తినాలి గానీ కోడళ్లు కాదని ఆమె లెక్క. ఆ భూమి శిస్తు కూడా మామ చేత కట్టనిచ్చేది కాదు. బర్రె నెయ్యి అమ్మి తానే కట్టేది. "పుట్టింటి నేలకు మొగుని దుడ్లు కడితే అది మొగుని నేలయిపోతాది" అనేది. అంత పట్టుదల మనిషి.

ఇప్పుడు ఆ నేల సంగతి చెప్పాలి. చెరువు కింద ఉంది కాబట్టి సర్కారు లెక్కలో అది మాగాణి. మాగాణి అంటే నీళ్లు పారే నేల, వరి పండే నేల. శిస్తు మెట్ట నేలకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. నేను వచ్చేనాటికి ఆ చెరువులో కప్పలు కూడా లేవు. మా అత్త పెళ్లినాటికే పూడిక మొదలైందట. తర్వాత కట్ట ఒకసారి తెగింది, ఏదో పూడ్చామనిపించారు. తూములో వేపమొక్క మొలిచి మానయింది. కట్ట కింద మడుల్లో వానకు పండితే కొర్ర, లేకపోతే గడ్డి. శిస్తు మాత్రం వరికి కట్టినట్టే కట్టాలి.

కట్టకు అవతల వేరే కథ. ఎన్నో ఏళ్ల ఒండ్రు చెరువు కడుపులో పేరుకుని ఊరంతటికీ అంత మంచి నేల లేదు. నాలుగు కాడ్ల ఎద్దులున్న ఇళ్లవాళ్లు దాన్ని పంచుకుని జొన్న వేసుకునేవాళ్లు. అందులో పెద్ద పాలు మా మామది. ఆ నేలకు శిస్తు లేదు. ఎందుకంటే సర్కారు లెక్కలో అది చెరువు, అందులో ఉండేది నీళ్లు. కరణం గారికి ఏటా కళ్లం దగ్గరినుంచి ఒక మూట పోయేది. ఆయన ఏటా అందులో నీళ్లు రాసేవాడు. చెరువులో జొన్న, మాగాణిలో కొర్ర. మా ఊరి వ్యవహారం ఇంతే.

నాకు ఆ పల్లె పద్ధతులు ఒంటబట్టడానికి చాలా రోజులు పట్టింది. కళ్లంలో గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా 'లాభం' అని మొదలుపెడతారు, అది మా వైపూ ఉంది. ఇంట్లో బియ్యం అయిపోతే నిండుకున్నాయనడం అందరికీ ఉన్నదే. ఇక్కడ ఇంకో మెట్టు ఎక్కువ. చేలో నిలబడి పంటను తక్కువ చేసి మాట్లాడకూడదు. చేను వింటుందట. నాకేం తెలుసు? వచ్చిన కొత్తలో ఆమెతో కలుపుకు పోయి, "ఏమత్తా, ఈ కొర్ర ఇంత బక్కగా ఉండాదే" అన్నాను. కలుపు తీస్తున్న చెయ్యి, మన్నుతో సహా, నా నోటికి అడ్డం పెట్టింది.

"సేను ఇంటాది పిల్లా. నీ కొడుకును ఎవరన్నా బక్కోడంటే ఊరుకుంటావా?"

నాకు అప్పటికి కొడుకూ లేడు, కూతురూ లేదు. నోట్లో మన్ను మాత్రం ఉంది. ఇంటికి పోయేదాకా ఊస్తూనే ఉన్నాను.

ఆ మరుసటి ఏడు వానలు ఎగ్గొట్టాయి. పంటలు పోయిన చోట ఆ ఏటి శిస్తు మాఫీ అని సర్కారు చెప్పింది. ఆ కబురు వచ్చిన రోజు మా మామ అరుగు మీద కూర్చుని వచ్చినవాళ్లకల్లా పటికబెల్లం పెట్టాడు. చేను చేనుకూ ఇనస్పెక్టరు వచ్చి చూస్తాడు. పావు పంట కూడా లేదని తేలితే ఆ చేనికి ఆ ఏటి శిస్తు వదిలేస్తారు. దాన్ని అజమాయిషీ అనేవాళ్లు.

చేలో తక్కువ మాట అనకూడదు కదా, మరి మాఫీ ఎట్లా? మగవాళ్లకు దానికీ ఒక దారి ఉంది. ఇనస్పెక్టరును చేలోకి పోనివ్వకుండా ఊరి ముందరే కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, అక్కడ ఏడ్చేవాళ్లు. అక్కడ ఏడిస్తే చేనుకు వినపడదు. "మెట్టంతా మాడి మసయిపాయె సామీ" అని మా మామ చెబుతుంటే నాకే కళ్లలో నీళ్లు తిరిగాయి. మెట్ట మాడిన మాట నిజమే, ఆయన అబద్ధం చెప్పలేదు. ఇనస్పెక్టరు కూడా దూరం నుంచే చూసి రాసుకున్నాడు.

ఆ మనిషి తిరిగి పోతూ చెరువు కింద దారి పట్టాడు. సాగనంపడానికి మామ వెంటే నడిచాడు. అక్కడ మా అత్త చేలో పిట్టలు తోలుతోంది. చుట్టూ మడులన్నీ ఎండిపోయినా ఆమె మడి కొంచెం పచ్చగా ఉంది. ఊరి బావి నుంచి బానల్లో నీళ్లు మోసి పోసింది మరి, నా చేత కూడా మోయించింది. "పంట ఎట్లుందమ్మా?" అని ఆయన గట్టు మీదనుంచే అడిగాడు. మామ దగ్గాడు. మళ్లీ దగ్గాడు. మా అత్త కొంగు సరిచేసుకుని చెప్పింది.

"నిండుగ ఉండాది సామీ."

అంతే. మామ మెట్ట పొలం, ఊళ్లో ముప్పాతిక మందికి కలిపి ఉన్నంత పొలం, అంతా మాఫీ. అత్త మడికి మాత్రం మాఫీ లేదు.

ఆ మిగులుతో మా మామ కొత్త కోడెల జత కొన్నాడు. ఎక్కువ భూమి ఉన్నవాడికి ఎక్కువ మాఫీ, తక్కువ ఉన్నవాడికి తక్కువ, లేనివాడికి లేదు. మామ దగ్గర కొంత చేను గుత్తకు చేసే ఒకాయన ఉండేవాడు. గుత్తంటే పంట పండినా పండకపోయినా ఏడాదికి ఇంత అని ఒప్పుకున్న కౌలు. ఆయన వచ్చి, "సర్కారు నీకు వదిలిపెట్టింది కదప్పా, నాకూ రవ్వంత తగ్గించు" అన్నాడు. "సర్కారు నాకిచ్చింది, నీకు కాదు కదప్పా" అన్నాడు మామ. అని, ఆయనను కూర్చోబెట్టి సంగటి పెట్టించి, పోయేటప్పుడు ఒక చేట జొన్నలు పోయించి పంపాడు. మా మామ చెడ్డవాడు కాదు. అన్నమంటే పెట్టేవాడు, హక్కంటే మాత్రం ఆయనకు చెవుడు వచ్చేది.

అత్త శిస్తు మిగిలిపోయింది. మేపు లేక బర్రెను అప్పటికే అమ్మేశాం. నెయ్యి లేదు. ఆమె కాళ్ల కడియాలు తీసి కంసాలికి ఇచ్చి శిస్తు కట్టింది. ఆ రోజునుంచి ఆమె నడుస్తుంటే చప్పుడు ఉండేది కాదు. వెనకనుంచి వచ్చి ఎప్పుడు పట్టుకుంటుందో తెలియక నాకు భయంగా ఉండేది. అది చెబితే ఆమె నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు.

"ఇంకేం అమ్ముతావే?" అన్నాడు మామ. "ఆ గుంట నేలకు రాజీనామా రాసిచ్చేయ్. సర్కారుకు వదిలేస్తే పీడ పోతాది." భూమి వద్దని సర్కారుకు రాసిచ్చేయడాన్ని కూడా రాజీనామా అనే అంటారు. అత్త పక్క మడి ఆయన ముందటి ఏడే ఇచ్చేసి, పెళ్లాన్ని వెంటబెట్టుకుని బేతంచెర్లకు నాపరాళ్లు కొట్టేదానికి పోయాడు. ఆయన మడి తుమ్మచెట్ల పాలయింది. వచ్చే ఏడు కూడా కట్టలేకపోతే ఇచ్చేస్తానని అత్త ఒప్పుకుంది. ఒప్పుకుని ఆ పూట అన్నం తినలేదు. పుట్టింటివాళ్లు అప్పటికి ఎవరూ మిగల్లేదు ఆమెకు. ఆ మడే పుట్టిల్లు.

మా ఆయన ఆదివారం వచ్చినప్పుడు పొయ్యి దగ్గర కూర్చుని విన్నాడు. "మాఫీ అడగొద్దమ్మా. మాఫీ ఒక ఏటి మాట. మాగాణిని మెట్ట కింద మార్చమని అడుగు. మారితే ఎప్పటికీ మారినట్టే. నీకే కాదు, కట్ట కింద ఉన్నోళ్లందరికీ."

"అదేగా నేననేది" అంది అత్త, పులుసు కలుపుతూ. "ఒకనాడు ఉప్పెక్కువైతే నీళ్లు పోసుకుంటాం. దినామూ ఎక్కువైతాంటే ఉప్పేసే చెయ్యి మార్చల్ల. మీ నాయనకు నీళ్లు పోసినారు. నాకు చెయ్యి మార్చేవోళ్లు కావల్ల."

ఆ తర్వాత పెద్దపెద్దవాళ్లు పన్నులు తగ్గించడం గురించీ, పన్నుల పద్ధతి మార్చడం గురించీ మాట్లాడగా విన్నాను. రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడతారు. వింటే ఒళ్లు మండుతుంది. మా అత్త పులుసు వాళ్లు తిని ఉండరు.

మరి ఇన్నేళ్లూ ఎవరూ ఎందుకు అడగలేదు? అడిగితే సర్కారువాళ్లు చెరువు చూస్తారు. చూస్తే జొన్న కనపడుతుంది. అందుకే కరువు వచ్చినప్పుడల్లా కట్ట కింది బీదవాళ్లను వెంటేసుకుని మాఫీ అడగడానికి ముందు నడిచేది మా మామే. మాఫీ అడిగితే అందరికీ మంచివాడు. మార్పు అడిగితే తన జొన్నకే ఎసరు. "చెరువు సంగతి ఎత్తొద్దండి" అని ఇంట్లో గట్టిగా చెప్పాడు. అత్త పొయ్యిలో పుల్ల ఎగదోసింది. ఇంటికి తిండి పెట్టే చేను, దాన్ని కూడా ఆమె తక్కువ చేసి మాట్లాడదు.

తర్వాతి ఏడు పంటలు కోతకు వచ్చే ముందు, పైఅధికారి ఒకాయన తనిఖీకి వస్తున్నాడనీ, మనవులు వింటాడనీ కబురొచ్చింది. మడిని మెట్ట కింద మార్చమని మా ఆయన అర్జీ రాస్తే అత్త వేలిముద్ర వేసి పంపింది. "నేను చెబుతానత్తా. ఈ నేలలో కొర్రకే దిక్కులేదు, వరెక్కడిదని చెబుతా. నాకేం పట్టింపు లేదు" అన్నాను. నిజానికి ఆ మాట అనాలని నాకు చాలా రోజులుగా నాలుక దురదగా ఉంది.

"నోరు మూసుకో. నువ్వు గూడా ఈ ఇంటిదానివే" అంది.

ఆయన జీపులో వచ్చాడు. నల్లకళ్లద్దాలు, నెమ్మదైన మనిషి. కరణం, మామ, ఊళ్లో మగవాళ్లంతా వెంట. కట్ట కింద నిలబడితే కట్ట అవతలిది కనపడదు, ఆ ఎత్తు ఇంకా ఉంది. మామ ఆయనను అటు పోనివ్వకుండా నీడకు పిలుస్తూనే ఉన్నాడు. ఆయన అత్త మడి దగ్గర ఆగాడు.

"మార్చమని అడిగింది నువ్వేనామ్మా? పంట ఎట్లుంది ఇక్కడ?"

నేను ఆమె వెనకే ఉన్నాను. ఆమె వీపు మీద చెమట చూస్తున్నాను. ఈ ఒక్కసారి అనేయ్ అత్తా, చేను క్షమిస్తుంది అని మనసులో మొక్కుకున్నాను.

"నిండుగ ఉండాది సామీ" అంది అత్త.

కరణం కలం తీశాడు. మామ తలగుడ్డ తీసి దులిపి మళ్లీ చుట్టుకున్నాడు, ప్రాణం కుదుటపడినట్టుంది. నాకు మాత్రం ఆమెను పట్టుకుని కుదపాలనిపించింది. కడియాలు పోయాయి, ఇంక నేల కూడా పోయినట్టే.

అత్త కొంగు తలమీదికి లాక్కుని అదే మర్యాదతో మళ్లీ అంది. "నాదేముండాదిలే సామీ. మా ఇంటాయన సేను ఇంకా నిండుగ ఉండాది. మనిషి లోపలికి పోతే అగపడడు. అంత దూరం వచ్చినారు, కండ్లార చూసి పోండి."

"ఎక్కడమ్మా అది?"

"చెరువులో సామీ."

ఆ అధికారి కట్ట ఎక్కాడు. మేమంతా వెనకే ఎక్కాం. అవతల చెరువు కడుపునిండా జొన్న, కంకులు బరువుకు వంగి ఉన్నాయి. మేము పోయిన అలికిడికి చిలకలు లేచాయి. ఆయన కళ్లద్దాలు తీసి చాలాసేపు చూశాడు.

"కరణం గారూ, ఈ ఏడు చెరువులో నీళ్లు ఎంత లోతున్నాయని రాశారు?" అన్నాడు.

కరణం గారికి ఆ రోజు దగ్గు పట్టుకుంది.

ఉత్తర్వు రావడానికి నెలలు పట్టింది. వచ్చాక కట్ట కింద మడులన్నీ మెట్ట కింద మారాయి. చెరువులో జొన్నకు శిస్తు పడింది. సర్కారుకు పెద్దగా నష్టమూ లేదు, లాభమూ లేదు, మోసేవాళ్లు మారారంతే అన్నాడు మా ఆయన. అంతా మంచే జరిగిందని చెప్పను. రాళ్ల పనికి పోయినాయన తిరిగి రాలేదు, ఆయనకు మార్పు ఆలస్యంగా వచ్చింది. గుత్తకు చేసే ఆయనకు మాఫీ నాడూ ఏమీ రాలేదు, మార్పు నాడూ ఏమీ రాలేదు. ఆయన పేరు ఏ పట్టాలోనూ లేదు కదా.

మా మామ కొన్నాళ్లు అత్తతో మాట మానేశాడు. "మీ అత్తకు చెప్పు, మజ్జిగ పులిసింది" అని నాతో చెప్పేవాడు, ఆమె పక్కనే నిలబడి ఉన్నా. తర్వాత ఆయనకే నవ్వొచ్చింది. ఇంటికి చుట్టాలు వస్తే చెప్పేవాడు. "తిట్టి ముంచినోళ్లను శానామందిని చూసినా. పొగిడి ముంచిందాన్ని దీన్నే చూసినా." ఆ మాటలో కోపం పాలు తగ్గి గర్వం పాలు పెరుగుతూ వచ్చింది. ఒక సంతనాడు కంసాలి దగ్గరికి పోయి కొత్త కడియాలు తెచ్చి పొయ్యి గట్టు మీద పెట్టి పోయాడు. అత్త వేసుకుంది. ఇల్లంతా మళ్లీ చప్పుడు వచ్చింది.

ఆ ఏటి కొర్రలు దంచిన రోజు ఆమె ఎప్పటిలాగే మట్టి చట్టి పొయ్యి మీద పెట్టింది. ఆడబిడ్డ ఊళ్లో లేదు. నేను లేచి పోబోతుంటే, "యాడికి పోతాండావు? కూర్చో" అంది. కొర్రన్నం, చెనిక్కాయల పొడి, నెయ్యి. మొదటి ముద్ద నా పళ్లెంలో పెట్టింది.

"కోడళ్లు తినగూడదన్నావు కదత్తా" అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

"నా ఎంబడి బానలు మోసింటివి. తిను. తిన్యాక నువ్వు గూడా దాన్నేమీ అనగూడదు."

తిన్నాను. వరన్నం ముందు కొర్రన్నం ఎంత, గొంతులో గరగరమంటుంది. అయినా నాకు ఏడుపొచ్చింది. కాపురానికి వచ్చి ఇన్నాళ్లయినా, ఆ ఇంటి మనిషిని అయింది ఆ పూటే అనిపించింది. నెయ్యి ఎక్కువైందా అని అడిగింది. కాదన్నాను.

ఇంకొన్నాళ్లకు మళ్లీ కరువు వచ్చింది. అత్తకు చలిజ్వరం, మంచం మీద ఉంది. నేను ఒక్కదాన్నే చేలో ఉన్నప్పుడు కొత్త ఇనస్పెక్టరు గట్టు మీద నిలబడి, "మాఫీకి రాస్తున్నామమ్మా, పంట ఎట్లుంది?" అన్నాడు. కొర్ర బక్కగా ఉంది. నేను వచ్చిన కొత్తలో ఉన్నంత బక్కగా ఉంది. చెప్పడానికే నోరు తెరిచాను.

"నిండుగ ఉండాది సామీ" అన్నాను.

ఇంటికి వచ్చి మంచం దగ్గర కూర్చున్నాను. అత్త కళ్లు తెరవకుండానే అడిగింది. "వచ్చిన్యాడా ఆ ఇనస్పెక్టరు? మాఫీ పాయెనా?"

"పాయెనత్తా."

ఆమె దుప్పట్లోనుంచి చెయ్యి తీసి నా చెయ్యి పట్టుకుంది. జ్వరానికి కాలిపోతోంది.

"పోనీలే పిల్లా" అంది. "సేను ఇనింటాది."